పరామర్శకు వెళ్లే బొమ్మ

జిల్లా పార్టీ ఆఫీసులో పైడయ్య ముప్పై ఏళ్లుగా చేసిన పని ఒక్కటే. నాయకుడు ఏ ఇంట అడుగుపెట్టినా, అక్కడ ఏం మాట్లాడాలో ముందుగా ఆయన చెవిలో వేయడం. ఇప్పుడు నాయకుడు కదలనక్కర్లేదు. అచ్చం ఆయనలాగే కనిపించి మాట్లాడే వెలుగుబొమ్మ ఒకేసారి వెయ్యి ఇళ్లలో ప్రత్యక్షమవుతుంది. రేపటి పరామర్శలకు ఈ ఉదయం పరీక్ష. బొమ్మ నెగ్గితే పైడయ్యకు ఇక సెలవు. అందుకే సంచీ సర్దుకుని, భుజాన వేసుకునే నిలబడ్డాడు.

బొమ్మను నడిపే స్రవంతి మీట నొక్కింది. బొమ్మ పరామర్శకు వచ్చినట్టుగా, పోయిన పెద్దాయనను పేరుతో తలుచుకుంది, కన్నీళ్లు పెట్టుకుంది, చివరికి చేతులు జోడించి “వెళ్లొస్తానమ్మా” అంది.

పైడయ్య పకపకా నవ్వాడు. “చావింట్లో వెళ్లొస్తానంటారేటి తల్లీ? ఇంకో చావుకొస్తావా అని చెప్పులు తీస్తారు!”

స్రవంతి నాలుక కరుచుకుంది. “మరేమనాలి బాబాయ్?”

“ఏమీ అనకూడదు. లేచి వచ్చెయ్యాలి, అంతే.”

“దీనికి మాటలు నేర్పగలను గానీ, ఊరుకోవడం ఎలా నేర్పేది?”

పైడయ్య సంచీని మళ్లీ మేకుకు తగిలించి, ఆమె పక్కకు కుర్చీ లాక్కున్నాడు. “జరుగు. ఎప్పుడు నోరు మూసుకోవాలో చెప్పి చెప్పి మన నాయకుణ్నే మూడుసార్లు గెలిపించాను. ఈ బొమ్మెంత?”