ముసలి గద్ద ఈల

ఎండలు ముదిరేసరికి మడుగులో చేపలు తగ్గిపోయాయి. కాకులు గుడ్లు ఎత్తుకుపోకుండా కాపలా కాస్తున్నందుకు పక్షులన్నీ ముసలి గద్దకు రోజుకు ఐదు చేపలు ఇచ్చేవి. కాపలాకు కొత్తగా పెట్టుకున్న పిల్ల డేగకు రెండు చాలు. కానీ దాని రెక్కలు గట్టిపడటానికి ఇంకా నెల పడుతుంది.

"గద్ద తాతను ఇవాళే మానిపిద్దాం. కాకులు ఎలాగూ రావడం లేదుగా," అంది పెద్ద కొంగ.

లెక్కల్లో చురుకైన గోరువంకకు సందేహం వచ్చింది. "అసలెందుకు రావడం లేదు?"

"మూడు రోజులు ఆగండి, చూసి చెబుతాను," అని గోరువంక కొమ్మెక్కి కూర్చుంది. కాకులు పదకొండు సార్లు వచ్చాయి. పదకొండు సార్లూ గద్ద కనబడకముందే పారిపోయాయి. గద్ద రెక్క ఈకలు చిరిగిపోవడంతో, ఎగిరితే గాలి ఈల వేసేది. వాటిని తరిమింది ఆ ఈలే.

గోరువంక గద్ద దగ్గరకు వెళ్లింది. "తాతా, ఆ ఈల నాకు నేర్పవా?"

"ఈకలు చిరిగిన చప్పుడు నీకెందుకే?"

"డేగ పెద్దదయ్యేదాకా నేను వేస్తాను. నువ్వు కూర్చుని తిను. ఎగరకపోతే రెండు చేపలు సరిపోవూ?"

గద్ద తన చిరిగిన రెక్కను ఒకసారి చూసుకుంది. తర్వాత తలూపింది.

మర్నాడు పొద్దున్నే కాకుల గుంపు వచ్చింది. గోరువంక కొమ్మ మీంచి ఈల వేసింది. కాకులు పైకి చూడకుండానే పారిపోయాయి.

బండ మీద రెక్కలు ముడుచుకుని కూర్చున్న గద్ద అంతా విని, మెల్లగా అంది:

"కొంచెం బొంగురు తగ్గించవే. నేను మరీ అంత ముసలివాణ్ణి కాదు."