మట్టి పెట్టని గూళ్ళు

వాగు ఇవతలి తుమ్మచెట్టు మీద గిజిగాడంతటి అల్లికగాడు లేడు. తన గూళ్ళు అవతలి ఒడ్డు పిట్టలకు అమ్మాలని వాడికి ఆశ పుట్టింది. బేరం కుదిర్చే కొంగ ఒక గూడు పట్టుకెళ్ళి చూపించి వచ్చింది.

"అల్లిక బాగుందట. లోపలి మట్టి ముద్దే మురికిగా ఉందట, తీసెయ్," అంది.

"ఆ బరువు లేకపోతే గూడు గాలికి తిరగబడుతుందయ్యా!" అంది గిజిగాడి పెళ్ళాం.

"కొనేవాళ్ళ ఇష్టమే," అని గిజిగాడు మట్టి పెట్టకుండా ఇరవై గూళ్ళు అల్లి పంపాడు.

మొదటి గాలివానకే అన్నీ తిరగబడ్డాయి. కొన్న పిట్టల గుడ్లన్నీ వాగుపాలయ్యాయి.

కొంగ తిరిగొచ్చింది. "మీ ఒడ్డువాళ్ళకు గూడు కట్టడమే రాదంటున్నారు. ఇక ఇటునుంచి ఎవరి సరుకూ వద్దట."

సొంత గూటికి తెచ్చుకున్న మట్టి ముద్ద గిజిగాడి ముక్కుననే ఉంది.