పద్దెనిమిది ప్రాక్సీలు

హాలు ఐదింటికల్లా ఖాళీ చేయాలి. ఆ తరువాత అక్కడ కరాటే క్లాసు. ఇప్పుడు టైము మూడున్నర. కాత్యాయని సంచిలో రెండు కవర్లున్నాయి.

కుర్చీలు రెండుగా చీలాయి. కిటికీల వైపు అధ్యక్షుడు గోపాలరావు మనుషులు. టీ డ్రమ్ము వైపు మాజీ అధ్యక్షుడు చలపతి మనుషులు. మధ్యలో నడవడానికి దారి. ఆ దారి దాటి టీ తెచ్చుకోవడానికి కిటికీల వైపు నుంచి ఎవరూ లేవలేదు.

పరాయి దేశంలోని కెల్లీవిల్ ఊరి తెలుగు సంఘానికి జూన్‌లో ఎన్నికలు జరిగాయి. గోపాలరావు తొమ్మిది ఓట్లతో గెలిచాడు. రాలేని సభ్యులు తమ ఓటును కాగితం మీద రాసి, సంతకం చేసి, ఇంకొకరి చేత పంపవచ్చు. దాన్ని ప్రాక్సీ అంటారు. గోపాలరావు ప్రచారంలో ప్రాక్సీల మీద దొంగ సంతకాలు పెట్టారని చలపతి ఫిర్యాదు చేశాడు.

విచారణ కాత్యాయనికి అప్పగించారు. ఆవిడ ఏ పక్షమూ కాదు. సంఘం పేరు మీద తీసుకున్న స్కూలు గదిలో శనివారాలు ముప్పై ఒక్కమంది పిల్లలకు తెలుగు చెబుతుంది. రెండు పక్షాల పిల్లలూ అవే బల్లల మీద కూర్చుంటారు.

ఇప్పుడు ఆ గదికే ఎసరొచ్చింది. గోపాలరావు దిగకపోతే వేరే సంఘం పెడతామన్నాడు చలపతి. పెడితే మీ పిల్లలు ఆ గది గడప తొక్కరన్నాడు గోపాలరావు.

రెండు నెలలు ఆవిడ ఇల్లిల్లూ తిరిగింది. ప్రతి ఇంట్లోనూ టీ ఇచ్చారు. టీతో పాటు తీర్పూ ఇచ్చారు.

"మీరేం రాసినా అతను దొంగేనండీ," అన్నారు కొందరు.

"మీరేం రాసినా ఇది కుట్రనే," అన్నారు మిగిలినవాళ్లు.

ఏం రాసిందని మాత్రం ఎవరూ అడగలేదు.

ఆవిడకు ఓపిక ఎక్కువంటారు. చేసే ఉద్యోగం అలాంటిది. ఒక బీమా కంపెనీలో వైటూకే పని. రెండు వేల సంవత్సరం వస్తే కంప్యూటర్లు తడబడతాయేమో చూడాలి. పాత రికార్డు తీసుకుంటుంది. తేదీ మారుస్తుంది. మళ్లీ నడుపుతుంది. జవాబు మారకూడదు. చివర బాధ్యులు సంతకాలు పెడితేనే పరీక్ష ముగిసినట్టు.

ముందు వరసలో వాసుదేవరావు ఒక్కడే కూర్చున్నాడు. సంఘం పెట్టింది ఆయనే. రెండేళ్ల క్రితం చలపతి గెలిచినప్పుడు ఇలాంటి ఫిర్యాదే గోపాలరావు చేశాడు. అప్పుడు విచారించింది వాసుదేవరావు. నివేదిక చదవడానికి లేచి "గౌరవ సభ్యులకు" అన్నాడు. ఆ తరువాత ఆ గోలలో ఎవరికీ ఏమీ వినబడలేదు. కాగితాలు మడిచి ఇంటికి పట్టుకెళ్లాడు. మళ్లీ ఏ పదవీ తీసుకోలేదు.

కాత్యాయని లేచింది.

"చదవడం అయ్యేదాకా ఎవరూ మాట్లాడొద్దు. అయ్యాక గోపాలరావు గారు, చలపతి గారు దీని కింద తమ అభిప్రాయం రాసి సంతకం పెట్టాలి."

"ఇదేమన్నా మీ ఆఫీసా మేడమ్?" అన్నారెవరో.

"శనివారం క్లాసనుకోండి."

నవ్వారు. సర్దుకుని కూర్చున్నారు. ఆవిడ ఒక కవరు తెరిచింది.

"అధ్యక్షుడి ప్రచార వర్గం పద్దెనిమిది ప్రాక్సీలు ఇచ్చింది. అందులో పదకొండు సంతకాలు ఒకే చేతివి. ఆ పదకొండు మందిలో ముగ్గురు ఎన్నికల రోజున దేశంలో లేరు. ఇద్దరు తాము సంతకం చేయలేదని చెప్పారు. ఈ సంగతి అధ్యక్షుడికి తెలుసు."

వాసుదేవరావు కళ్లు మూసుకుని వింటున్నాడు. ఆయన పెదవులు కదులుతున్నాయి.

"అబద్ధం!" గోపాలరావు లేచాడు. "మేమిచ్చినయి పద్నాలుగే. పద్దెనిమిది ఏడికెల్లి వచ్చినయ్? లెక్కనే తప్పు!"

"దొంగకి లెక్కలు గుర్తుండవు లెండి," అన్నాడు చలపతి.

టీ డ్రమ్ము వైపు చప్పట్లు.

గోపాలరావు భార్య శ్యామసుందరి కాత్యాయనికి పదేళ్ల స్నేహితురాలు. ఈ రెండు నెలల్లో ఒక్కసారి కూడా ఫోన్ చేయలేదు. "కాత్యాయనీ, నువ్వు గూడ అటే వోయినవా?" అంది.

కాత్యాయని మంచినీళ్లు తాగింది.

"నేను జూన్ నుంచీ చెబుతూనే ఉన్నా కదండీ," అన్నాడు చలపతి. "ప్రతి అక్షరం నిజం. ఇట్లాంటి మనిషి సభ్యుడిగా కూడా ఉండకూడదు. మేడమ్‌కి శాలువా కప్పాలి."

"శాలువా వద్దు. ఆ మాట రాసివ్వండి."

చలపతి రాశాడు: "ప్రతి అక్షరం నిజం. ఈ అధ్యక్షుణ్ణి సంఘం నుంచి తొలగించాలి." సంతకం పెట్టాడు. తారీఖు వేశాడు.

గోపాలరావు కలం లాక్కుని కింద రాశాడు: "అంతా కల్పితం. ఈ నివేదిక రాసినవారికి సిగ్గుండాలి." సంతకం పెట్టాడు.

కాత్యాయని ఆ కాగితాన్ని ప్లాస్టిక్ ఫోల్డర్‌లో పెట్టింది. గోడ గడియారం చూసింది. నాలుగుంబావు.

"ఇక పిల్లల గది. ముప్పై ఒక్కమందీ ఎప్పటిలాగే వస్తారు. ఎవరి పిల్లలనీ ఎవరూ ఆపరు."

"ఎవరు చెప్పారు?" అన్నారు ఇద్దరూ ఒకేసారి. ఆ మధ్యాహ్నం వాళ్లిద్దరి మాటా కలిసింది అక్కడే.

"మీ సంతకాలే," అంటూ ఆవిడ ఫోల్డర్‌ని వాసుదేవరావు చేతికిచ్చింది.

తను రాసిన నివేదిక రెండో కవరులో అలాగే ఉంది. ఆవిడ చదివింది రెండేళ్ల క్రితం గోపాలరావు ఫిర్యాదు మీద, చలపతి గెలుపు గురించి వాసుదేవరావు రాసిన నివేదిక, తేదీ ఒక్కటే మార్చి.