దిద్దిన ఉత్తరం

"ఏమైనా రాశావా అక్కా?"

తమ్ముడు అలా అడగడం అది మూడోసారి. అక్క ముందున్న కాగితం మీద "మా అమ్మ" అన్న రెండు మాటలే ఉన్నాయి. సాయంత్రం ఐదింటికి సంస్మరణ సభ. ముప్ఫై ఎనిమిదేళ్ళు అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దిన మనిషి, లోకంలో అందరి తప్పులూ ఏరిపెట్టిన మనిషి, కన్నతల్లి గురించి నాలుగు ముక్కలు రాయలేక కూర్చుంది. ఇంట్లో ఆవిడ ముద్దుపేరు ఎర్రపెన్ను. ఇవాళ మాత్రం ఎవరూ ఆ పేరుతో పిలవడం లేదు.

వాళ్ళు కూర్చున్నది అమ్మ పనిగది. కిటికీ పక్కన కుట్టుమిషను, గోడవారన గుడ్డల బీరువా, దాని మీద రంగు ప్రకారం గుండీలు పోసిపెట్టిన సీసాలు. భర్త చిన్న వయసులోనే పోతే, అమ్మ ఆ మిషను తొక్కుతూనే ఇద్దరు పిల్లల్నీ చదివించింది. ఎనభై ఏడేళ్ళు బతికి నాలుగు రోజుల కిందట పోయింది.

"రాయడానికి ఏం తక్కువ వదినా!" అంది తమ్ముడి భార్య. "అత్తయ్య నలభయ్యో ఏట అద్దకం నేర్చుకున్నారు. అరవైలో హార్మోనియం. డెబ్భై రెండులో పాడైపోయిన రేడియో విప్పి బిగించారు."

"బిగించాక రెండు మరలు మిగిలాయి," అన్నాడు తమ్ముడు.

"మిగిలితేనేం? పాడిందిగా!"

ముగ్గురూ నవ్వారు. నవ్వుతూనే కోడలు కళ్ళు తుడుచుకుంది. "ఏదైనా ఒక్కసారి చూస్తే చాలు, చేతికి వచ్చేసేది. పొద్దున్నే నాచేత పేపరు చదివించుకునేవారు. నీ గొంతులో వింటే వార్తలు కూడా బాగుంటాయే అనేవారు. ఇక ఎవరికి చదవను?"

వీధిలో పిల్లలు ఆవిడని ఇంకోటి బామ్మ అనేవారు. ఎప్పుడు చూసినా "ఇంకోటి నేర్చుకుంటే పోలా!" అనేది మరి.

అక్కకి ఇవన్నీ తెలుసు. రాయడానికి ఒక్క సంగతే అడ్డం పడుతోంది. ఇరవై మూడో ఏట అచ్చాఫీసు ఉద్యోగం కోసం వేరే ఊరు వెళ్తానంటే అమ్మ వద్దంది. మాటా మాటా పెరిగింది. "మిషను తొక్కేదానివి, పుస్తకాల సంగతి నీకేం తెలుసు?" అనేసింది తను. అమ్మ వెళ్ళి మళ్ళీ మిషను ముందు కూర్చుంది. నోరు జారినందుకు క్షమించమని, ఊరు వెళ్ళిన నెల తిరక్కుండానే అక్క నాలుగు పేజీల ఉత్తరం రాసింది. జవాబు రాలేదు. సెలవులకి వచ్చినప్పుడు ఉత్తరం అందిందా అని అడిగితే, "అందింది. జాగ్రత్తగా దాచాను," అని వెంటనే కొత్తగా అద్దిన గుడ్డ తీసి చూపించింది.

ఆ తరవాత తల్లీకూతుళ్ళు ఎన్నో మాట్లాడుకున్నారు. ఆ ఉత్తరం మాట మాత్రం ఇద్దరూ ఎత్తలేదు. అమ్మ తనని క్షమించిందో లేదో తెలియకుండా సభలో ఏ మొహం పెట్టుకుని నిలబడాలి?

"అమ్మ ఎప్పుడైనా నా ఉత్తరం గురించి చెప్పిందా?" అని అడిగేసింది చివరికి.

కోడలు కాస్త నసిగింది. "ఈ ఏడాదంతా అదే పట్టుకుని కూర్చున్నారు వదినా. మధ్యాహ్నం భోజనం కాగానే గుడ్డల మీద గుర్తులు పెట్టే ఎర్రపెన్సిలు తీసుకుని తలుపేసుకునేవారు. ఏం చేస్తున్నారత్తయ్యా అంటే, దిద్దుతున్నానే, కదిలించకు అనేవారు."

అక్క మొహం పాలిపోయింది. "దిద్దుతోందా? నా ఉత్తరాన్నా?"

"నీ విద్య నీకే అప్పజెప్పింది," అన్నాడు తమ్ముడు. ఎవరూ నవ్వలేదు.

కోడలు మిషను సొరుగులోంచి ఉత్తరం తీసి ఇచ్చింది. నాలుగు పేజీలూ ఎర్రబారి ఉన్నాయి. ఏ వరుసనీ వదల్లేదు, ప్రతి అక్షరం మీదా ఎర్ర గీతే. ఎంత చెత్త ప్రూఫునైనా అక్క అంత ఎర్రగా చెయ్యలేదు. కళ్ళలో నీళ్ళు తిరిగి, చదవబోయినా ఏమీ కనబడలేదు.

అప్పుడే పక్క వాటాలో ఉండే టీచరుగారు లోపలికొచ్చారు. రిటైరయ్యాక, ఏడాది కిందటే ఆ ఇంట్లో దిగారు. సభకి కుర్చీలు సరిపోతాయా అని అడగబోయి, ఉత్తరం చూసి ఆగిపోయారు.

"ఇది మీ కంటబడిందా?"

"మీకు తెలుసా?"

"తెలుసమ్మా. ఎవరికీ చెప్పనని నాచేత ఒట్టు వేయించుకున్నారు. పోయిన నెల ఆఖరి పేజీకి వచ్చారు. ఆ రోజు ఎంత ఏడ్చారో!"

"ఇన్నేళ్ళయినా కోపం చల్లారలేదన్నమాట," అంది అక్క.

"కోపమా?" టీచరు తెల్లబోయారు.

"కాకపోతే ఏమిటండీ? క్షమించమని కూతురు రాస్తే, తప్పులు దిద్దుతూ కూర్చునే తల్లి ఉంటుందా?"

ఆఖరి పేజీ టీచరు ముందు పెట్టబోతూ ఆగింది. ముప్ఫై ఎనిమిదేళ్ళ అలవాటు, కన్ను దానంతటదే తప్పు మీద వాలింది. ఆ రోజు ఏడుస్తూ రాసినట్టుంది, "నన్ను క్షమించమ్మా" అన్నచోట సున్న ఎగిరిపోయి "క్షమిచమ్మా" అని పడింది. ఎర్రపెన్సిలు ఆ మాట మీదుగానే వెళ్ళింది. సున్న మాత్రం పెట్టలేదు.

"ఇంత దిద్దిన మనిషి ఈ తప్పు ఎలా వదిలేసింది?" అంది అయోమయంగా.

టీచరు దగ్గరికొచ్చి ఆవిడ చెయ్యి పట్టుకున్నారు. "ఒట్టు తీసి గట్టున పెడుతున్నాను, ఆవిడే నన్ను క్షమించాలి," అన్నారు.

"ఈ ఉత్తరం మీదే మీ అమ్మగారు అక్షరాలు దిద్దుకున్నారు."