రాఘవమ్మ థైరాయిడ్

"చిన్నపోలయ్యా, ఇదే చివరి మాట. వేట నిషేధం ఎత్తేసేలోపల తాగుడు మానుకుంటే చుక్కాని నీది. లేదంటే ఇంకోడిది."

బోటు యజమాని హజరత్తయ్య నలుగురూ వినేలా అన్నాడు. సముద్రంలో వేట ఆపేసిన ఎండాకాలపు రోజులవి. బోట్లన్నీ ఒడ్డెక్కి ఉన్నాయి. మగవాళ్ళంతా ఇసుకలో కూర్చుని వలలు బాగుచేసుకుంటున్నారు.

చిన్నపోలయ్య తల ఎత్తలేదు. ఏ ముఖం పెట్టుకుని ఎత్తుతాడు? ఆఖరి వేటలో చుక్కాని పట్టుకునే నిద్రపోయాడు. బోటు పక్క బోటును గుద్దబోయి, దేవుడి దయవల్ల తప్పింది. ముఖం ఉబ్బిపోయింది. మాట ముద్దముద్దగా వస్తోంది.

"ఇప్పుడు గూడా కంపు కొడతానే ఉండావు, దూరంగా నిలబడు," అన్నాడు హజరత్తయ్య.

"ఇంట్లో వదినకు థైరాయిడ్, ఈయనకేమో సీసా," అన్నాడు ఓబులేసు వల కుడుతూ. చిన్నపోలయ్యకు వరసకు తమ్ముడు. "ఆ యమ్మ మందులకు పెట్టాల్సింది నీ గొంతులో పోసుకుంటుండావు గదన్నా!"

అందరూ నవ్వారు. చిన్నపోలయ్య నోరు తెరిచాడు. గొంతు బొంగురుగా గీరుకుపోయింది.

థైరాయిడ్ సంగతి రాఘవమ్మే కుళాయి దగ్గర ఆడవాళ్ళతో చెప్పింది. పక్కూరి వైద్యుడు బలం సూదులు వేసి వేసి అలసిపోయాడు. తాయెత్తు కట్టించినా లాభం లేకపోయింది. చివరికి రక్తపరీక్షలో బయటపడింది. "ఇక్కడ తిరిగి లాభంలేదు, దీనికి హార్మోన్ల డాక్టరు వేరే ఉంటారు, నెల్లూరు పోండి," అని రక్తం తీసిన పిల్లే దారి చెప్పింది.

మర్నాడు రాఘవమ్మ మెడ నిండా కొంగు కప్పుకుని, మొగుణ్ణి వెంటబెట్టుకుని బస్సెక్కింది.

ఆస్పత్రి వరండాలో ఎటు చూసినా ఆడవాళ్ళే. చిన్నపోలయ్య తువ్వాలు ముఖం మీదికి లాక్కుని గోడవైపు తిరిగి కూర్చున్నాడు.

"మీ ఆయన తోడొచ్చినాడా? అదృష్టవంతురాలివి మే," అంది పక్కనున్న కావలి పెద్దావిడ. "మా ఇంటాయన గేటు కాడే ఆగిపోతాడు. ఆడోళ్ళ రోగమంట, ఆయనకు సిగ్గంట! మగోళ్ళకు రాదు గదా. వాళ్ళ గొంతులో కేకలకే చోటు చాలదు."

వరండా అంతా ఘొల్లుమంది. రాఘవమ్మ కూడా నవ్వింది. చిన్నపోలయ్యకు కూర్చున్నచోటే భూమిలోకి దిగిపోతే బాగుండుననిపించింది.

లోపల డాక్టరమ్మ పరీక్ష కాగితం చూసి తల పంకించింది.

"గొంతులో చిన్న గ్రంథి ఉంటుంది. ఒంటికి ఇంజన్ లాంటిదనుకోండి. అది మందగిస్తే మనిషంతా మందగిస్తాడు. ఎండల్లోనూ చలి, పట్టపగలు నిద్ర, ఒళ్ళు బరువు. సోమరితనం కాదిది, జబ్బు. రోజూ పరగడుపున ఒక మాత్ర. వేసుకున్న వెంటనే టీ తాగొద్దు. బాగయింది గదా అని మానొద్దు."

"మునపట్లా కావాలంటే ఎన్నాళ్ళమ్మా?" అడిగింది రాఘవమ్మ.

"కొన్ని వారాల్లో తేడా తెలుస్తుంది. రెండు నెలలకు మళ్ళీ రక్తం చూద్దాం."

రాఘవమ్మ వేళ్ళమీద ఏదో లెక్క వేసుకుంది.

"ఇంత ముదిరేదాకా ఎందుకు ఆగారు?"

"సిగ్గు," అన్నాడు చిన్నపోలయ్య నేల చూస్తూ.

తిరుగుదారిలో బస్టాండు పక్క మద్యం దుకాణం ముందు ఇద్దరూ ఆగారు. రాఘవమ్మే కొంగుముడి విప్పి డబ్బులు తీసింది. అతను వరసలో నిలబడి క్వార్టరు సీసా కొనుక్కొచ్చాడు. తిరిగి చూస్తే ఎదురుగా, వల దారం కోసం టౌనుకొచ్చిన ఓబులేసు.

"ఏంది వదినా! నీ మందులకొచ్చి, ఈయన మందు గూడా నువ్వే కొనిస్తుండావా?"

"కొనియ్యకపోతే ఇంట్లో గిన్నెలు మిగలవు గదా, అబ్బయా."

చిన్నపోలయ్య చెవులు కాలిపోయాయి. తుఫాను గాలికి ఎదురొడ్డి బోటును ఒడ్డు చేర్చినవాడు, పెళ్ళాం కొనిచ్చిన సీసాను పంచె మడతలో దోపుకున్నాడు.

బస్సులో ఆమెకు మాత్రమే వినపడేలా అడిగాడు. "నాకోసం ఇన్ని మాటలు ఎందుకు పడతుండావు మే?"

"తాగినోడైతే మానుకోమంటారు. మానితే చుక్కాని ఇస్తామంటారు," అంది ఆమె కిటికీలోంచి చూస్తూ.



పొద్దు వాలుతుండగా బస్సు దిగారు. సరుగుడు తోపు దాటితే ఊరు.

తోపులో ఎవరూ లేరని చూసుకుని, రాఘవమ్మ సీసా మూత తీసి, పుట్టి బుద్ధెరిగాక ఒక్క చుక్క తాగి ఎరగని మొగుడి చొక్కా మీద అదంతా చల్లి, డాక్టరమ్మ అతని గొంతు తడిమి చూసి రాసిచ్చిన మాత్రలను తన కొంగున ముడేసుకుంది.