నీలం సంచి

పొద్దున తొమ్మిదింటికే సంచి సర్ది ఉంది. పిల్లకు వాంతులు మొదలైంది సాయంత్రం నాలుగింటికి.

ఆస్పత్రి వరండాలో కండక్టరమ్మ తన కొడుక్కి ఈ రెండు ముక్కలూ మూడోసారి చెప్పింది.

"మీ గదిలో మంచం కింద ఉంది, నా కళ్ళతో చూశాను. ఆ నీలం సంచే. ఫ్లాస్కు, తువ్వాళ్ళు, ఛార్జరు, పిల్ల గౌన్లు, రిపోర్టుల ఫైలు. అప్పటికి పిల్ల గంతులేస్తోందిరా!"

"ఏడాదిలో ఇది ఏడోసారమ్మా ఇక్కడికి రావడం. ముందుజాగ్రత్తకి సర్దిపెట్టుకుంటుంది. అదీ తప్పేనా?"

"రోజూ సర్ది ఉంటే ముందుజాగ్రత్తే. మామూలు రోజుల్లో ఆ సంచి అటక మీద ఖాళీగా పడుంటుంది. పిల్లకి జబ్బు చేసే రోజున మాత్రం పొద్దున్నే కిందికి దిగుతుంది. ఎలా?"

కొడుకు విసురుగా లేచాడు.

"కోడలంటే నీకు మొదట్నుంచీ గిట్టదు," అని వార్డులోకి వెళ్ళిపోయాడు.

ముప్పై ఏళ్ళు బస్సులో టికెట్లు కొట్టిన మనిషి ఆవిడ. రిటైరై ఆరేళ్ళయినా వీధి వీధంతటికీ కండక్టరమ్మే. విజిల్‌తో పనిలేకుండా బస్సు ఆపగల గొంతు. ప్రయాణికుడి చేతిలో సంచి చూసి ఎక్కడ దిగుతాడో చెప్పేసేది. అలాంటిదాని కళ్ళముందే ఏడేళ్ళ మనవరాలికి ముందు టికెట్ కొట్టేసి, తర్వాత బస్సెక్కిస్తున్నారు. ఒళ్ళు మండిపోదూ?

వార్డులో కోడలంటే అందరికీ ప్రాణం. నర్సుల పిల్లల పేర్లు కూడా ఆమెకు తెలుసు. సెలైన్ ఎక్కుతున్న పిల్ల ఫొటో ఫోన్లో పెడితే చాలు, గంటలో వందమంది 'ఎంత ఓపిక తల్లీ నీకు' అని రాసేవారు. ఒక్కొక్కరికీ జవాబిస్తూ కూర్చునేది. పక్కనే పిల్ల మంచినీళ్ళడిగితే, "ఉండమ్మా, ఒక్క నిమిషం," అనేది.

ఆమె స్నానానికి ఇంటికి వెళ్ళినప్పుడు, ఇంట్లో అందరూ పిచ్చుక అని పిలిచే ఆ పిల్ల, నానమ్మ చెవిలో చెప్పింది.

"అమ్మ తీపి మందు తాగిస్తుంది కదా, అది తాగాకే కడుపులో తిప్పుతుంది. ఎవరికీ చెప్పొద్దంది. నీకు చెప్పొచ్చా?"

కండక్టరమ్మ తిన్నగా డాక్టరు గదిలోకి నడిచింది. సంచి సంగతి, మందు సంగతి గుక్క తిప్పుకోకుండా చెప్పింది. ఆయన ఓపిగ్గా విని ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు.

"మీరు పాపకి అమ్మమ్మా, నానమ్మా?"

"నానమ్మని."

"అదీ సంగతి," అని నవ్వాడు. "అంత ఓపికున్న తల్లిని నా సర్వీసులో చూడలేదండీ. వెళ్ళి రెస్టు తీసుకోండి."

ఆ నవ్వు చెంపదెబ్బలా తగిలింది. అత్తగారు కోడలి మీద చెప్పే సాక్ష్యం ఎక్కడా చెల్లదు. పిల్ల చచ్చిపోయినా చెల్లదు కాబోలు!

ఇంటికొచ్చిన రోజే కోడల్ని నిలబెట్టి చెప్పింది.

"ఇవాళ్టి నుంచి పిచ్చుకకి తిండీ మందూ నా చేత్తోనే. సోమవారం వేరే డాక్టరు దగ్గరికి తీసుకెళ్తాను. తీపి మందు కథ పిల్ల నోటితోనే చెప్పిస్తాను. అడ్డమొచ్చావో, వీధిలో నిలబడి అరుస్తాను. నా గొంతు సంగతి తెలుసుగా?"

పెద్ద యుద్ధమే అవుతుందనుకుంది. కోడలు మాత్రం కళ్ళు తుడుచుకుని, "అలాగే అత్తయ్యా. మీరు చూసుకుంటే అంతకన్నా ఏం కావాలి?" అంది.

ఆ మర్నాటి నుంచి పొద్దున్నే టీ కలిపి అత్తగారి చేతికి అందించడం మొదలుపెట్టింది. "మొహం పీక్కుపోయింది అత్తయ్యా. ఈ వయసులో మీకెందుకింత శ్రమ?" అనేది. అత్తగారి పాత రిపోర్టులు ఎక్కడున్నాయో కూడా అడిగింది.

"నాకేం రోగం? గుండ్రాయిలా ఉన్నా," అంది కండక్టరమ్మ. పనిలో పనిగా, టీలో చక్కెర ఎక్కువైందని కూడా కసిరింది. దెబ్బకి దారికొచ్చింది మహాతల్లి, అనుకుంది.

నాలుగు రోజుల్లో పిచ్చుక బుగ్గలు తేరాయి. మారు వడ్డించుకుని తింది. మెట్ల మీద గెంతి మోకాలు చెక్కుకుపోయినా నవ్వింది. ఆ నవ్వు విన్నప్పుడల్లా కండక్టరమ్మ కోపం రెట్టింపయ్యేది. ఈ నవ్వునా ఏడాదిపాటు దొంగిలించారు!

ఆదివారం వచ్చింది. టీ తాగేసి, ఖాళీ గ్లాసు వంటింట్లో పెడదామని లేచింది. దారిలో కొడుకు గది తలుపు తీసి ఉంది. మంచం కింద నీలం రంగు కనిపించింది.

అటక మీద ఉండాల్సిన సంచి. జిప్పు వేసి, నిండుగా.

రేపు డాక్టరు, ఇవాళ సంచి! కండక్టరమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది. గ్లాసు పక్కన పడేసి, సంచిని బరబరా ఈడ్చుకొచ్చి హాలు మధ్యలో పడేసింది.

"ఒరేయ్, ఇలా రారా! ముందుజాగ్రత్తన్నావుగా, నీ కళ్ళతో చూడు! నా మనవరాలికి మళ్ళీ టికెట్ కొట్టింది!"

ఆ అరుపుకు ఎదురింటి కిటికీలు తెరుచుకున్నాయి. కొడుకు నోట్లో బ్రష్షుతోనే పరుగెత్తుకొచ్చాడు. పిచ్చుక వచ్చి నానమ్మ నడుం పట్టుకుంది. కోడలు వంటింటి గుమ్మంలోనే నిలబడిపోయింది. గోడ గడియారం వంక ఒకసారి చూసింది.

కండక్టరమ్మ జిప్పు బర్రున లాగింది.

లోపల పిచ్చుక గౌను ఒక్కటీ లేదు. ఫ్లాస్కు పక్కన తన నైటీలు రెండు, తన పళ్ళసెట్టు డబ్బా, తన పాత రిపోర్టుల ఫైలు పొందిగ్గా సర్ది ఉన్నాయి.