మనిషి చూడని రుజువు

"ఇందులో ఉన్నయన్నీ నువ్వు చూసినవా?" అని అడిగారు మహిపాల్ సార్.

యూనివర్సిటీ కమిటీ వనపర్తికే వచ్చింది. కాలేజీ హాల్లో, వాళ్ల ముందు స్వరూప ఒక్కతే నిలబడి ఉంది.

"లేద్సార్. పన్నెండు వందల కేసులు. ప్రోగ్రాం చూసింది. ప్రోగ్రాంను నేను చూసిన."

గ్రాఫులకు రంగులు వేసే ఒక పాత లెక్కల చిక్కు అది. సార్ ముప్పై ఏళ్లు దానితో కుస్తీ పట్టారు. తెగలేదు. ఆయన శిష్యురాలు స్వరూప దాన్ని కేసులుగా విడగొట్టి కంప్యూటర్‌కు అప్పగించింది. తెగింది. ఏడాది కిందటే అన్నీ అచ్చు తీసి ఆయన చేతిలో పెట్టింది.

పీహెచ్‌డీ పట్టా వస్తే కాంట్రాక్టు కొలువు పోయి పక్కా ఉద్యోగానికి దారి దొరుకుతుంది. తల్లి ముంబైలో మట్టి మోసింది ఈ చదువు కోసమే.

"మిషన్ అవునన్నది. ఎందుకవునో ఎవలకెరుక?" అన్నారు సార్. "మనిషి బుర్రకు ఎక్కనిది రుజువెట్లయితది?"

"మనిషి గూడ తప్పు చేస్తడు గద సార్?"

"చేస్తే ఇంకో మనిషి పట్టుకుంటడు. దీన్ని మొత్తం చూసిన మనిషిని ఒక్కన్ని చూపెట్టు, ఇప్పుడే సంతకం పెడత."

కమిటీకి సార్ మాటంటే గురి. పట్టా ఆగిపోయింది.

బస్టాండులో కూర్చుని కుమిలి కుమిలి ఏడ్చింది. ఏడుపు తెరిపి ఇచ్చాక, ఆయన మాటలోనూ న్యాయముంది కదా అనిపించింది. డిగ్రీలో లెక్కలంటే భయం పోగొట్టింది ఆయనే. 'అర్థం కానిది ఒప్పుకోకు బిడ్డా' అనేవారు. అలాంటి మనిషికి నలుగురిలో ఎదురు చెప్పానే అని సిగ్గుపడింది. క్షమాపణ అడుగుదామని ఆయన ఇంటికి వెళ్లింది.

సార్ లేరు. కమిటీవాళ్లను హైదరాబాద్ బస్సెక్కించడానికి కొత్తకోట పోయారట. ఆయన భార్య పుష్పమ్మ నవ్వుతూ ఎదురొచ్చింది.

"ఉత్త చేతులతోటి వచ్చినవేంది బిడ్డా? డాక్టరమ్మవైతివి, మిఠాయేది?"

"పట్టా రాలేదమ్మా. సార్ ఒప్పుకోలే."

పుష్పమ్మ నవ్వు ఆగిపోయింది.

"గదేంది బిడ్డా, ఏడాది సంది తలుపేసుకొని నీ లెక్కలన్నీ తనే చేత్తోటి చేసి చూసిండు, ఒక్క తప్పు గూడ దొర్కలేదని మొన్న అన్నం ముట్టలే!"